మధ్యస్థ స్వరం

మా ఏటిగట్ల సర్కిల్లో ఎవరూ వైర్‌లెస్‌లో గట్టిగా మాట్లాడరాదనీ, మెల్లగా కూడా మాట్లాడరాదనీ ఉత్తర్వు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అందినట్టుగా దాని కాపీ మీద నా సంతకం కూడా ఉంది. నేను సర్కిల్ ఆఫీసులో వైర్‌లెస్ మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్ళుగా సెట్లు విప్పి బిగిస్తున్నాను. సెట్టుకు ఏం జబ్బు చేసిందో విని చెప్పగలను. శాఖకు ఏం జబ్బు చేసిందో చెప్పడం నా విధుల్లో రాయలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

మా పని చిన్నదేమీ కాదు. ఏటిగట్టు పొడుగునా నలభై పోస్టులున్నాయి, పోస్టుకొక లస్కరు. గట్టు మీద తిరగడం, నీళ్ళలో పాతిన గేజి మీద అడుగులు చదవడం, ఆ రీడింగు రోజుకు మూడుసార్లు వైర్‌లెస్‌లో ఆఫీసుకు చెప్పడం వాళ్ళ ఉద్యోగం. ఆ అంకె చూసి లంకల్లో జనాన్ని ఎప్పుడు ఖాళీ చేయించాలో ఆఫీసు నిర్ణయిస్తుంది. కనీసం రూల్సు పుస్తకంలో అలా ఉంది.

కిందటేడు సెప్టెంబరులో పైనుంచి ఒక కాగితం దిగింది. గాలిలో దారులు ఇరుకైపోయాయి కనుక ప్రతి శాఖా తన వైర్‌లెస్ దారిని సగానికి సన్నం చేసుకోవాలని దాని సారాంశం. చేసుకున్నాం. దారి సన్నమైతే మాట పలచబడుతుంది, వెనకాల బుస ఎక్కువవుతుంది. ఈ బుసను అణచడానికి కొత్త సెట్లలో ఒక ఏర్పాటుంది. పేరు కంపాండింగ్. మాట్లాడే సెట్టు మాటను చుడుతుంది. అంటే గట్టిదాన్ని తగ్గించి, మెల్లనిదాన్ని పెంచి, అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తుకు తెచ్చి పంపుతుంది. వినే సెట్టు దాన్ని మళ్ళీ పరిచి, గట్టిది గట్టిగా, మెల్లనిది మెల్లగా వినిపిస్తుంది. పరిచేటప్పుడు బుస అణిగిపోతుంది. ప్రయాణంలో పరుపు చుట్టుకుపోయి ఇంటికెళ్ళి పరుచుకోవడం లాంటిదే. ఒక్కటే షరతు. అవతల చుట్టేవాడుండాలి, ఇవతల పరిచేవాడుండాలి.

మాకు కొత్త సెట్లు పన్నెండు వచ్చాయి. పన్నెండూ అధికారుల బల్లల మీదికెక్కాయి. నలభై పోస్టుల్లోనూ పాత సెట్లే మిగిలాయి. వాటికి చుట్టడమూ రాదు, పరచడమూ రాదు.

కంపెనీ మనిషి వచ్చి ఒక కొత్త సెట్టును మా సూపరింటెండింగ్ ఇంజినీరు సర్వోత్తమరావుగారి గదిలోనూ, ఇంకోదాన్ని పక్కగదిలోనూ పెట్టి మాట్లాడి చూపించాడు. బుస లేదు, గురగుర లేదు. మాటకీ మాటకీ మధ్య పూజగదిలో ఉన్నంత నిశ్శబ్దం. సర్వోత్తమరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"కనకలింగం, నా సర్వీసు మొత్తంలో ఇంత నిశ్శబ్దం ఏ కింది ఆఫీసు నుంచీ రాలేదయ్యా," అన్నారు.

కనకలింగం మా ఆఫీసు సూపరింటెండెంటు. ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు.

ఆ నిశ్శబ్దం మర్నాటి నుంచి నిజంగానే మొదలైంది. పోస్టుల్లో పాత సెట్లు మాటను చుట్టకుండానే పంపుతున్నాయి. ఇక్కడ కొత్త సెట్టు చుట్టని పరుపును కూడా బలవంతంగా పరుస్తోంది. దాంతో గొంతు పెద్దవాడి మాట పిడుగుపాటయింది. గొంతు చిన్నవాళ్ళ మాట బుసతోపాటే అణిగిపోయింది.

అందరికన్నా ముందు అణిగిపోయింది నూకరత్నం. మొగలిలంక రేవు పోస్టులో లస్కరు. భర్త అదే పోస్టులో పనిచేస్తూ పాముకాటుకు పోతే కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. మనిషి చిన్నది, గొంతు ఇంకా చిన్నది. తొమ్మిదేళ్ళలో ఒక్క రీడింగు తప్పలేదు. ఆమె గేజి ఎదురుగానే మొగలిలంక. మూడొందల గడప. రోడ్డు లేదు, సెల్‌ఫోన్ టవరు లేదు. వరదొస్తే వాళ్ళకు తెలిసే మార్గం నూకరత్నం అంకె ఒక్కటే.

ఆ అంకె ఆఫీసుకు రావడం మానేసింది. మా రిజిస్టరులో "రీడింగు అందలేదు" అనే గడి లేదు. "పెరిగినది", "తగ్గినది", "మార్పు లేదు" అని మూడే గడులు. ఏమీ వినబడలేదు కాబట్టి కనకలింగం "మార్పు లేదు" అని రాయించాడు. సెప్టెంబరులో ఆఖరిసారి వినిపించిన తొమ్మిదడుగులు అలాగే నిలిచిపోయాయి.

నేను సర్వోత్తమరావుగారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, కొత్త సెట్లలో కంపాండింగ్ ఆపేస్తే సరిపోతుందండి. సెట్టుకు ఒక్క నిమిషం పని. కాస్త బుస వస్తుంది, కానీ మాట కూడా వస్తుంది."

ఆయన నావైపు జాలిగా చూశారు. "సమకూర్చిన సౌకర్యములన్నియు పూర్తి వినియోగములో ఉన్నవి అని నేను సర్టిఫికెట్ ఇచ్చానయ్యా. ఆన్‌లో ఉండి వినబడకపోతే అది సాంకేతిక సమస్య. ఆఫ్‌లో పెట్టి వినబడితే అది క్రమశిక్షణ సమస్య. నీకు ఏది కావాలి?"

నాకు ఇంకా పన్నెండేళ్ళ సర్వీసుంది. సాంకేతిక సమస్యే కావాలని చెప్పాను.

మొదటి సర్క్యులర్ వారంలో వెలువడింది. "క్షేత్రస్థాయి సిబ్బంది యావన్మందీ ఇకపై బిగ్గరగా మాట్లాడవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది." నలభై మంది లస్కర్లు అరవడం మొదలుపెట్టారు. మొదటి రోజు ఏడో పోస్టు పోతరాజు "గుడ్ మార్నింగ్ సార్!" అన్నాడు. స్పీకరు అట్ట చిరిగింది. అకౌంటెంటు మీద కాఫీ పడింది. కింది ఉద్యోగి పై అధికారి మీద అరవడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధమని కనకలింగం నోట్ రాశాడు. సర్క్యులర్ రద్దయింది.

రెండో సర్క్యులరే నేను మొదట చెప్పినది. గట్టిగానూ వద్దు, మెల్లగానూ వద్దు, "మధ్యస్థ స్వరము" అవలంబించాలి. మధ్యస్థ స్వరమంటే ఏమిటని రెండు పోస్టుల నుంచి వివరణ కోరారు. దానికొక కమిటీ వేశారు. కమిటీ ఐదుసార్లు కూర్చుని తేల్చింది: "సెలవు కోరునపుడు ఉద్యోగి వాడు స్వరమునకు పైన, యూనియన్ సమావేశమందు వాడు స్వరమునకు దిగువన." ఆ కమిటీలో సాంకేతిక సభ్యుణ్ణి నేనే. నా అభిప్రాయం అడిగే అంశం అజెండాలో ఆరోది. ఐదుతో టైమయిపోయేది.

డిసెంబరుకల్లా సర్వోత్తమరావుగారికి అసలు సంగతి బోధపడింది. అనుకున్నదానికన్నా తెలివైన మనిషి. "పాత సెట్లకు మాటను చుట్టడం రాదు. అంతే కదా? అయితే సెట్టు చేయలేని పనిని మనిషి చేయాలి," అన్నారు. ఆ విధంగా మా శాఖలో "మానవ స్వర సంకోచ శిక్షణ" మొదలైంది.

లస్కర్లను బృందానికి పదిమంది చొప్పున పిలిపించి, సమావేశ మందిరంలో వరసగా కూర్చోబెట్టి, ప్రతి మాటనూ ఒకే ఎత్తులో పలకడం నేర్పారు. "గట్టు బాగున్నది" అనే మాటా, "గట్టు తెగినది" అనే మాటా ఒకే తీరున చెప్పాలి. కంగారుపడితే మార్కులు కోత. పోతరాజు మూడో రోజుకి "పాము, పాము, నా కాలి దగ్గర పాము" అని హాజరు పలికినట్టు పలికి మొదటి ర్యాంకు తెచ్చుకున్నాడు. అతనికి స్వర అనుకూలతా పత్రం ఇచ్చి శాలువా కప్పారు.

నూకరత్నం మూడుసార్లు తప్పింది.

"ఇంకొంచెం పైకి తీయమ్మా," అన్నారు సర్వోత్తమరావుగారు.

"తీత్తన్నానండి. నా గొంతు ఇంతేనండి. మా యమ్మ గొంతూ ఇంతేనండి. తొమ్మిదేళ్ళ నుంచీ ఈ గొంతుతోనే సెప్తున్నానండి, పాత సెట్టప్పుడు మీకు బాగానే ఇనపడిందండి."

"పాత విషయాలు తవ్వకూడదు."

ఆమెను జిల్లా ఆసుపత్రికి పంపారు. గొంతులో ఏ లోపమూ లేదని డాక్టరు రాసిచ్చాడు. ఆ రిపోర్టు చూసి కనకలింగం ఫైలు మీద రాసింది నేను స్వయంగా చదివాను: "గొంతులో లోపము లేనందున లోపము వైఖరిలో ఉన్నదని భావించవచ్చును." ఆమె పేరు ఎదురుగా "స్వర అననుకూల" అని ఎర్ర ముద్ర పడింది. నాకు ఒళ్ళు మండింది. మండిన ఒంటితోనే సైకిలెక్కి ఇంటికి పోయాను.

ఎండాకాలం వచ్చింది. మొగలిలంక రేవు దగ్గర జనం గేదెల్ని తోలుకుంటూ నడిచి దాటుతున్నారు. మా రిజిస్టరులో తొమ్మిదడుగులే. గోడమీద గ్రాఫు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. ఆ గ్రాఫు చూసి రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ఇంత క్రమశిక్షణ గల నది మీ సర్కిల్లోనే ఉన్నదని మెచ్చుకున్నారు. దానికి ఫ్రేము కట్టించారు.

ఇంతవరకూ కిందినుంచి పైకి వెళ్ళే మాట సంగతి. పైనుంచి కిందికి వచ్చే మాట సంగతి వేరు. కొత్త సెట్లు మాటను చుట్టి పంపుతాయి కదా. పాత సెట్లకు పరచడం రాదు. అంటే అధికారి గదిలో మెల్లగా వినిపించేదంతా పెద్దదై, గట్టి మాటతో సమానంగా పోస్టులకు చేరుతుంది. మా సర్వోత్తమరావుగారికి మైకు బటన్ నొక్కి పట్టుకునే పక్కవాళ్ళతో మాట్లాడే అలవాటుంది. పాత సెట్టున్నప్పుడు ఆ గుసగుసలు బుసలో కలిసిపోయేవి. ఇప్పుడు ఆయన ఉత్తర్వూ, ఆ ఉత్తర్వు గురించి కనకలింగం చెవిలో ఊదిన మాటా, ఫ్యాను కిర్రుమనడమూ, ఆయన జంతిక కొరకడమూ, అన్నీ ఒకే ఎత్తులో గట్టు పొడుగునా వినిపిస్తున్నాయి.

ఈ సంగతి నాకు జనవరిలో ఏడో పోస్టుకు వెళ్ళినప్పుడు తెలిసింది. సరిగ్గా పదకొండింటికి చుట్టుపక్కల మూడు పోస్టుల లస్కర్లు టీ గ్లాసులతో వచ్చి సెట్టు చుట్టూ చేరారు. ఎవరి బదిలీ ఎవరికోసం ఆగిందో, ఏ కాంట్రాక్టరు ఎవరి బావమరిదో, కలెక్టరుగారి గురించి సర్వోత్తమరావుగారి నిజమైన అభిప్రాయం ఏమిటో గట్టు మీద అందరికీ తెలుసు.

"మీరు ఫిర్యాదు చేయలేదేం?" అన్నాను.

"దేనికండీ? బెమ్మాండంగా ఇనపడతంది కదండీ," అన్నాడు పోతరాజు.

క్షేత్రస్థాయి నుంచి ఫిర్యాదు అందనిదే మెకానిక్ నివేదిక రాయరాదని రూలుంది. నేను రాయలేదు. నాకు కూడా ఒక గ్లాసు టీ ఇచ్చారు.

ఆగస్టు వచ్చింది. పదకొండు నెలలు నిండాయి. మొగలిలంక సెట్టును ఏడోసారి తనిఖీ చేసి రమ్మని నన్ను పంపారు. సెట్టులో లోపమేమీ లేదని ఆరుసార్లు రాసిచ్చాను, అయినా వెళ్ళాను. ఉదయం పదిన్నర. ఏరు ఎర్రగా, అడవి కట్టెలు మోసుకుంటూ పోతోంది. నూకరత్నం గేజి దగ్గర నిలబడి ఉంది.

"పన్నెండడుగులండి అన్నయ్యగారూ. తెల్లారి నుంచీ మూడడుగులు ఎక్కేసిందండి. ఆరు మాట్లు సెప్పానండి. ఎవరూ పలకట్లేదండి."

సెట్టు అందుకుని నేనూ చెప్పి చూశాను. నాదీ పెద్ద గొంతేమీ కాదు. అరిచాను. అవతల ఎవరో "ఏదో గోలగా ఉంది, తగ్గించండి," అనడం వినబడింది.

అప్పుడు సర్వోత్తమరావుగారి స్వరం వచ్చింది. "అన్ని పోస్టులకూ తెలియజేయునది. వదంతులు నమ్మరాదు. మొగలిలంక వద్ద తొమ్మిది అడుగులు, మార్పు లేదు. సిబ్బంది నిబ్బరముగా ఉండవలెను."

ఆయన బటన్ వదల్లేదు. జంతిక కొరికిన చప్పుడైంది. ఆ వెనకే గుసగుస, ఉత్తర్వంత స్పష్టంగా.

"కనకలింగం, పైడ్యాము వాళ్ళు ఇందాకే ఫోన్ చేశారయ్యా. పన్నెండు గేట్లూ ఎత్తేశారట. మూడింటికల్లా మొగలిలంక మీదికి వస్తుందట."

"అయ్యో. ఖాళీ చేయించమని చెప్పేద్దామా సార్?"

"ఎలా చెబుతాం? మన గ్రాఫులో తొమ్మిదడుగులే కదా. తొమ్మిదడుగులకే లంక ఎందుకు ఖాళీ చేయించావని అడిగితే ఏం చెప్పను? ప్రశంసాపత్రం వెనక్కి పంపమంటావా? ముందు గ్రాఫును కాస్త కాస్తగా పెంచుకుంటూ రండి. భోజనం చేశాక చూద్దాం."

ఫ్యాను కిర్రుమంది. సెట్టు ఆగిపోయింది.

నూకరత్నం నావైపు ఒక్క క్షణం చూసింది. చీర కొంగు నడుముకు బిగించి రేవులో పంటు నడిపే మనిషి దగ్గరికి పరిగెత్తింది. ఏడో పోస్టు నుంచి పోతరాజు, తొమ్మిదో పోస్టు నుంచి ఇంకొకడు, అలా గట్టు పొడుగునా విన్న లస్కర్లంతా సైకిళ్ళేసుకుని రేవుకు వచ్చిపడ్డారు. ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. లంకలో ఇల్లిల్లూ తిరిగి కేకలేశారు. ఆ రోజు పోతరాజు మధ్యస్థ స్వరం వాడలేదు. రెండు పంట్లు, పదకొండు నాటుపడవలు. ముసలివాళ్ళు, పిల్లలు, బియ్యం మూటలు, కోళ్ళగంపలు, గేదెలు. రెండున్నరకు ఆఖరి పడవ ఒడ్డుకు చేరింది. మూడుంపావుకు మొగలిలంకలో అరటితోటల తలలు మాత్రమే కనిపించాయి. గట్టు మీద కూలబడి నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఒక్క ప్రాణం పోలేదు. అందుకే విచారణ జరిగింది.

ప్రాణాలు పోయి ఉంటే అది ప్రకృతి వైపరీత్యం. పోలేదు కాబట్టి ఎవరో ఉత్తర్వు లేకుండా లంకను ఖాళీ చేయించారని తేలింది. నూకరత్నానికి మెమో ఇచ్చారు. "మార్పు లేదని అధికారికముగా ప్రకటించిన నీటిమట్టమునకు విరుద్ధముగా ప్రవర్తించినందున, పై అధికారుల ఆంతరంగిక సంభాషణను చాటుగా ఆలకించినందున, తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపగలరు." ఆమెను ఆఫీసుకు పిలిపించారు. నన్ను సాంకేతిక సాక్షిగా కూర్చోబెట్టారు.

"ఆంతరంగిక సంభాషణ ఎక్కడ నుంచి విన్నావు?" అన్నాడు కనకలింగం.

"సెట్టులోనండి. డూటీలోనే ఇన్నానండి."

ఎప్పటిలాగే ఆమె మాట ఆ గదిలో అందరికీ వినబడింది. మనిషి ఎదురుగా ఉంటే ఆ గొంతుకు ఏ లోపమూ లేదు.

సర్వోత్తమరావుగారు నమ్మలేదు. పరీక్ష చేసి చూపించమని నన్ను ఆదేశించారు. ఒక పాత సెట్టు తెచ్చి వరండాలో పెట్టాను. ఆయన గదిలో కూర్చుని, కొత్త సెట్టు బటన్ నొక్కి, తలుపులు మూయించి, కనకలింగం చెవిలో ఏదో అన్నారు. వరండాలో పెన్షన్ కోసం వచ్చిన పదిహేను మందీ, టపా తెచ్చిన ప్యూనూ, నూకరత్నమూ, నేనూ స్పష్టంగా విన్నాం. కలెక్టరుగారి గురించి. మళ్ళీ చెప్పలేను.

తలుపు తెరుచుకుంది. సర్వోత్తమరావుగారి మొహంలో నెత్తురు లేదు.

"ఎంతకాలంగా ఇలా వినబడుతోంది?"

"పదకొండు నెలలుగానండి," అన్నాను.

ఆ పదకొండు నెలల్లో ఎవరెవరి గురించి ఏమేం అన్నారో ఆయన ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నారని మొహం చూస్తేనే తెలుస్తోంది. తర్వాత కనకలింగం గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఎన్ని పోస్టుల్లో?"

"నలభైలోనూనండి."

కంపాండింగ్ ఆపాలని నేను అడిగిన మాట పదకొండు నెలలుగా ఏ బల్ల మీద నిద్రపోయిందో గాని, ఆ రోజు పదకొండు నిమిషాల్లో ఫైలై లేచి నడిచింది. కమిటీ నిలబడే సమావేశమైంది. సర్టిఫికెట్ సంగతేమిటని నేను అడిగాను. "శాఖ గోప్యత కంటే సర్టిఫికెట్ ఎక్కువా?" అన్నారు సర్వోత్తమరావుగారు. పన్నెండు సెట్లలోనూ కంపాండింగ్ ఆపేశాను. సెట్టుకు ఒక్క నిమిషం పట్టింది. నూకరత్నం మీద చర్య తీసుకుంటే ఆమె ఏం విన్నదో రాతపూర్వకంగా చెప్పవలసి వస్తుందని ఎవరో గుర్తు చేశారు. మెమో కూడా ఆపేశారు.

అక్టోబరులో మళ్ళీ వాన పట్టింది. మొగలిలంక జనం అప్పుడప్పుడే ఇళ్ళ మీద కొత్త తాటాకులు కప్పుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి నేను ఆఫీసు సెట్టు గదిలో ఉన్నాను. సర్వోత్తమరావుగారు, కనకలింగం, గుమాస్తాలు అందరూ ఉన్నారు. కాస్త బుసతో, ఏ అక్షరమూ తప్పకుండా నూకరత్నం మాట వచ్చింది.

"మొగలిలంక రేవండి. పదమూడడుగులండి. గంటకో అడుగు ఎక్కుతుందండి. లంక ఖాళీ సేయించమంటారాండి?"

గుమాస్తా కలం పట్టుకుని రిజిస్టరు తెరిచాడు. అందరూ సర్వోత్తమరావుగారి వైపు చూశారు. ఇప్పుడు వినబడలేదని అనడానికి వీల్లేదు. ఆయన మైకు దగ్గరికి జరిగి గొంతు సవరించుకున్నారు.

"మీరు చెప్పినది స్పష్టముగా వినబడినది. అయితే నోటిమాట మీద లంక ఖాళీ చేయించుట కుదరదు. సదరు విషయము రాతపూర్వకముగా, మూడు ప్రతులలో, సరైన మార్గమున పంపవలెను. పరిశీలించి ఉత్తర్వులు ఇవ్వబడును."

అవతల పడవ వాళ్ళ కేకలు, గేదెల అరుపులు, పిల్లల ఏడుపు లీలగా వినిపిస్తున్నాయి.

"ఆయ్, రాస్తానండి," అంది నూకరత్నం. "సగం మంది గట్టెక్కేశారండి. మిగతావాళ్ళు కూడా వచ్చేశాక కూర్చుని రాస్తానండి."